పుంటికూర మడిల మొలిచిన గంజాయమ్మకు

గంజాయమ్మా,

శ్రీమతి అని రాయాల్నా, శ్రీ అని రాయాల్నా తెల్వక రెండూ కొట్టేసిన. మీ జాతిల ఆడ చెట్టు వేరు, మొగ చెట్టు వేరట. మా బొప్పాయి సుత అంతే. రెండేండ్లు పేడనీళ్లు పోసి పెంచితే పొడుగు కాడలకు పూలు ఏలాడేసుకొని నిలబడ్డది గని ఒక్క కాయ కాయలె. మొగదని తెల్సినంక నరికేసిన, అయిపోయింది. నీ సంగతి అంత అల్కగ అయిపోయేది కాదు. నువ్వెవరో తెల్సిన రాత్రి నాకు నిద్ర పట్టలె. వరంగల్ సెంట్రల్ జైలును 2021ల కూలగొట్టి ఆ జాగల పెద్ద దవాఖాన కడుతున్నరు గద, మరి నన్ను పట్టుకుంటే ఏడికి తీస్కపోతరు, చర్లపల్లికా, అంత దూరం మా ఇంటామె టిఫిన్ డబ్బా ఎట్ల తెస్తది అని తెల్లారేదాక ఆలోచన జేస్కుంట కూసున్న.

నా గురించి నీకు తెల్వది. నువ్వు రాకముందు సంగతి కొంత చెప్త.

ఎల్కతుర్తి తొవ్వల మాకు రెండు గుంటల జాగ ఉన్నది. సర్కారు బడిల పంతులు నౌకరి చేసి రిటైరైనంక మందుల్లేని తిండి తినాలె అని పట్టుబట్టిన. జనగామ దిక్కు ఏనబావి అనే ఊరున్నది. ఊరు ఊరంత కలిసి ఎరువుల బస్తాలు, పురుగు మందు డబ్బాలు బంద్ పెట్టి, మాది సేంద్రియ గ్రామం అని 2006లనే చెప్పుకున్నరు. పొయ్యి చూసొచ్చిన. ఊరంత కలిసి చేసిన పని నేనొక్కన్ని రెండు గుంటల్ల చెయ్యలేనా అనుకున్న. చెయ్యలేనని ఇప్పుడు తెల్సింది, అది వేరే ముచ్చట.

ఎరువు బస్తాల బదులు పోసే జీవామృతానికి 200 లీటర్ల డ్రమ్ము కొన్న. పది కిలోల పేడ, పది లీటర్ల మూత్రం, రెండు కిలోల శనగపిండి, గట్టు మీది పిడికెడు మన్ను. ఇగ రెండు కిలోల బెల్లం కావాలె. నల్లబెల్లం అగ్గువ గద అని దుకాణానికి పోతే సేటు నన్ను కిందికి మీదికి చూసిండు. అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి, "పటిక సుత కావాల్నా సారూ?" అన్నడు. గుడుంబా బట్టి పెట్టెటోళ్ల లిస్టుల నా పేరు ఆ రోజే ఎక్కింది. నువ్వు తర్వాతొచ్చినవ్.

2024 వానాకాలంల నా పంట లెక్క రాస్త, విను. బెండకు పల్లాకు తెగులు. టమాటకు కాయతొలుచు పురుగు. మిర్చికి నల్ల తామర పురుగు. 2021ల వరంగల్ మిర్చి రైతును ముంచిన ఆ పురుగు నా ఆరు చెట్ల కోసం సుత వెతుక్కుంట వచ్చింది. బీరపాదు పందిరెక్కిన తెల్లారే కోతులు దిగినయ్. కోతులు తినిపోతే బాధ లేకపోవు. ఒక్కొక్క పిందె తెంపి, ఒక్క కొరుకు కొరికి, నా మొఖం చూసి పారేసినయ్. మిగిలినదాన్ని సెప్టెంబర్ ఒకటో తారీఖు వాన తీస్కపోయింది. ఆ రోజు మానుకోట, ఖమ్మం దిక్కు ఊర్లకూర్లే మునిగినయ్, నా టమాట కుళ్లిందని ఏడ్వనీకి సుత మొఖం లేకుంటయింది.

ఇగ ఆ తోటల పచ్చగ మిగిలింది నువ్వు. కంపోస్టు కుప్ప పక్కన, పుంటికూర (గోంగూర) మడి అంచుకు, ఎత్తు మీద. నీళ్లు నిలువయి, ఎండ తగుల్తది, ఎరువుకు కొదవ లేదు. నేనైతే అంత మంచి జాగ చూసి ఒక్క మొక్క సుత పెట్టలె. పురుగు ముట్టలె, కోతి ముట్టలె. తులసి కోట కాడ తులసి ఎండిపోయింది, నువ్వు మాత్రం వారానికి జానెడు. మా ఇంటామె నిన్ను చూసి మురిసిపోయి, "ఎన్నడన్న ఇట్ల పెరిగిందా మన పుంటికూర? ఇది కొత్త రకమున్నట్టుంది" అని రోజూ బియ్యం కడిగిన నీళ్లు నీకే పోసింది. నేను వారానికోసారి జీవామృతం పోసిన. చట్టం కాడ ఇవన్ని నా మీద సాక్ష్యాలే.

ఆమెను ఏమనేటట్టు లేదు. మీ ఆకుల పోలిక అసొంటిది. పుంటికూరల ఒక రకానికి శాస్త్రం పెట్టిన పేరే హైబిస్కస్ కన్నాబినస్, అంటే గంజాయి లెక్కుండే మందారం. అందరి ఇండ్లల్ల రోట్లె నూరేదానికి నీ పేరు తగిలించి పోయిండ్రు. దాని నార గోగునార, ఇంగ్లీషోడు దాన్ని డెక్కన్ హెంప్ అన్నడు. పచ్చిరొట్ట కోసం వ్యవసాయ శాఖ సబ్సిడీ మీద ఇచ్చే జనుమును సన్ హెంప్ అన్నడు. నీకూ జనుముకూ చుట్టరికమే లేదు, అయినా నీ ఇంటిపేరు పెట్టిండు. మొత్తానికి నీ పేరు పెట్టుకున్నోళ్లకు సబ్సిడీ, నీకు జైలు.

నిన్ను పట్టిచ్చింది మా బిడ్డ. టొరంటోల ఉంటది. ఒక ఐతారం వీడియో కాల్ల, "అవ్వా, తోట చూపియ్యి" అన్నది. ఇంటామె ఫోన్ పట్టుకొని తిప్పింది. ఆడికెళ్లి ఒక్కటే కేక. "బాపూ! నీ ఎనుక అదేంది?"

"పుంటికూర బిడ్డా."

"అది పుంటికూర గాదు బాపూ. మా ఇంటి ఓనరు పెరట్ల అదే ఉన్నది."

ఆడ 2018 అక్టోబర్ 17 నుంచి ఇంటికి నాలుగు మొక్కలు పెంచుకోవచ్చట. మనిషికి గాదు, ఇంటికి. ఆ ఓనరు తాత టమాటల నడుమ నాలుగు పెట్టుకున్నడు. మందులు కొట్టడు. చుట్టూ బంతిపూలు, కింద కంపోస్టు, బూడిద తెగులొస్తే పాలు నీళ్లల్ల కలిపి కొడ్తడట. మనం పుల్లటి మజ్జిగ కొట్టినట్టే. మంచు ముదరకముందే కొయ్యాలె, తేమ ఆగితే పువ్వు లోపల్నే బూజు పడ్తది, గొంగడి పురుగు దూర్తది. అందుకని పొద్దుగాల లేచి చెట్లు దులుపుతడట. మొగ చెట్టు మొలిస్తే మొలిచిన కాడ్నే పీకేస్తడు. గాలికి పుప్పొడి కొట్టుకొచ్చిందంటే ఆడ చెట్లన్ని గింజ పడ్తయట. ఒక్క మొగ చెట్టు వాడకట్టునంత పాడుజేస్తది. ఇది మా దిక్కు సుత నడిచే సామెతే.

ఆ తాత నాలుగింటి కోసం గంత తండ్లాడుతుంటే, నేను పిలవనైనా పిలవలె, నువ్వొచ్చి కూసున్నవ్. ఆడ ఐదో మొక్క నేరం. ఈడ మొదటిదే నేరం.

ఎట్లొచ్చినవో నాకు తెల్సు. ఒడిశా సరిహద్దు గుట్టలల్ల పుట్టి, సంచులల్ల రైలెక్కి, కాజీపేట జంక్షన్ల దిగి, చేతులు మారుకుంట మా ఊరి కల్వర్టు దాక వచ్చినవ్. పొద్దూకితే నలుగురు పోరగాళ్లు ఆ కల్వర్టు మీద కూసుంటరు. సరుకుల గింజలు ఏరి గోడ ఇవతలికి ఊదేస్తరు. అండ్ల ఒకడు నా దగ్గర ఏడో తరగతి చదివిండు. ఒకనాడు అడిగితే, "తప్పేంది సారూ, నేచురల్ గద, ఆర్గానిక్" అన్నడు. మా ఇంటెనుక ఉమ్మెత్త సుత ఆర్గానికే, ఎన్నడూ మందు కొట్టలె, తింటవారా అన్న. నవ్విండు. ఆ నవ్వు మంచిగ లేదు. ఏడో తరగతిల పద్యాలు అప్పజెప్పినప్పుడు నవ్వినట్టు లేదు. అందుకని, గంజాయమ్మా, నేను నీ దిక్కు వకాల్తా పుచ్చుకున్ననని మాత్రం అనుకోకు.

తెల్లారి మత్తు మందుల మీద 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం ముందటేసుకొని కూసున్న. పరీక్షకు సుత అంతగనం చదవలె. నిన్ను పెంచితే పదేండ్ల దాక కఠిన కారాగారం, లక్ష రూపాయల దాక జుర్మానా. నీ పూత ఉంటేనే గంజాయి, పూత లేని ఉత్త ఆకు, గింజ ఆ లెక్కల రావు. అందుకే ఉత్తరాదిల కొన్ని కాడ సర్కారే భంగు దుకాణాలకు లైసెన్సులిస్తది. కని మొక్కగ నిలబడ్డవంటె ఆకా పూతా అని అడిగేది లేదు, సాగే. ఇంకా పాతది సుత చదివిన. 1893ల తెల్లదొరలు నీ మీద ఒక కమిషన్ ఏసి, ఏడుగురు మెంబర్లు 1,193 మంది సాక్షులను అడిగి, మితంగ వాడితే పెద్ద నష్టం లేదని మరుసటేడు రాసిచ్చిండ్రట. నా మిర్చి చెట్లను చూడనీకి వ్యవసాయ శాఖ నుంచి ఒక్కరు రాలె.

సెక్షన్ 46 కాడికి వచ్చేసరికి చెమట పట్టింది. భూమి ఉన్నోడు తన జాగల నువ్వున్నవని తెల్సినంక వెంటనే చెప్పాలె, చెప్పకుంటే అది సుత నేరమే. సెక్షన్ 47 ప్రకారం సర్పంచి, గ్రామాధికారి సుత చెప్పాలె. వాళ్లతోని చెప్పిద్దామంటే వీఆర్వోలను 2020ల తీసేసిరి. సర్పంచుల పదవి 2024 ఫిబ్రవరిల ఒడిసె, అప్పటికి ఎలక్షన్ల జాడ లేకుండె. నిన్ను గురించి చెప్పాల్సినోళ్లల్ల ఊళ్లె మిగిలింది నేనొక్కన్నే. నిన్ను పెడితే రైతుబంధు బంద్ అని 2021ల బెదిరిచ్చిండ్రు గని, ఆ బాధ నాకు లేకుండె. రెండు గుంటలకు లెక్కగడితే 250 రూపాయలు, అవి సుత నాకెన్నడూ పడలె.

"పీకి పారేస్తే అయిపాయె" అన్నడు పక్కింటి కాక.

ఏడ పారేసుడు? గోడవతల పారేస్తే ఆ పోరగాళ్లకు ఉచిత పంపిణీ. పొయ్యిల పెడితే ఊరంత వాసన, పైంగ పొగ మా అవ్వ మీదికి పోతది, ఆమెకు మొదాలే నవ్వెక్కువ. స్కూటర్ మీద ఠాణాకు తీస్కపోతే రవాణా. ఇంట్ల దాస్తే నిల్వ. ఉన్నకాడ ఉంచితే సాగు. కంపోస్టుల ఏస్తే వచ్చే ఏడు మళ్ల నువ్వే. ముప్పయి నాలుగేండ్లు పిల్లలకు కర్త, కర్మ, క్రియ చెప్పిన. కర్మ నీదైతే ఏ క్రియ పెట్టినా కర్త జైలుకే పోతడని అప్పుడు సమజైంది.

ఆఖరికి ఫోటో తీస్కొని, ఉతికిన అంగీ ఏస్కొని ఠాణాకు పోయిన.

"ఎన్ని మొక్కలు సారూ?"

"ఒక్కటి."

"ఒక్కటేనా?" అన్నడు జవాను. గా ఒక్కదానికి ఇంత దూరమొచ్చినవా అన్నట్టు చూసిండు. ఆదిలాబాద్ దిక్కు పత్తి సాళ్ల నడుమ, కంది సాళ్ల నడుమ నిన్ను దాచిపెట్టినోళ్ల వార్తలు పేపర్ల చదువుతనే ఉంటం. వాళ్ల ముందట నేనెంత! తక్కువ పెంచినందుకు నాకే సిగ్గయింది.

పగటీలి ఇద్దరొచ్చిండ్రు. పంచనామాకు ఇద్దరు సాక్షులు కావాలన్నరు. అప్పటిదాక గోడ మీదికెళ్లి తొంగి చూసిన ఊరంత ఒక్క నిమిషంల మాయమైంది. పక్కింటి కాకకు అప్పుడే బర్రె ఈనింది. చూడనీకొచ్చిన ఫెర్టిలైజర్ షాపాయన ఒక్కడు దొరికిండు. నేను మందులు కొంటలేనని నా మీద ఆయనకు మూడేండ్ల కోపం, సంతోషంగ సంతకం పెట్టిండు. రెండో సాక్షి, నిన్ను చూసి "వేర్లు మంచిగున్నయ్" అని మెచ్చుకున్న ట్రాక్టర్ డ్రైవర్.

తూకం కావాలె గద. మా ఇంటామె కూరగాయలు అమ్ముదామని మూడేండ్ల కింద కొన్న త్రాసు తెచ్చింది, అట్టపెట్టె అప్పటిదాక విప్పలె. మన్నుతోని కిలో నాలుగు వందల గ్రాములు. జీవామృతం తాగిన మన్ను, ఇడువమంటే ఇడువది. దులిపి దులిపి తూచితే ఆరు వందలు. గంజాయమ్మా, ఆ యేడు మా తోటల తూకం దాక పోయిన పంట నువ్వొక్కదానివే. ఆ త్రాసు మళ్ల అట్టపెట్టెల పడ్డది.

కాయితాలల్ల ఎవరో గుర్తు తెల్వనోళ్లు ఏసిన గింజ అని రాసిండ్రు, నన్ను పెద్దమనిషి కింద ఇడిచిపెట్టిండ్రు. పొయ్యేటప్పుడు బండి స్టార్ట్ చేసి, మళ్ల ఆపి, జవాను దగ్గరికొచ్చిండు.

"ఏమనుకోకుండ్రి సారూ, ఏం ఎరువేసిండ్రు దానికి? మా మిద్దె మీద టమాటలు వస్తలెవ్వు."

డ్రమ్ము సూపిచ్చిన. కొలతలన్ని ఫోన్ల రాస్కున్నడు. నల్లబెల్లం అని చెప్పేటప్పుడు మాత్రం కొద్దిగ ఆగిన.

నువ్వు పొయ్యినంక బతుకమ్మ వచ్చింది. నువ్వున్న గుంతల ఇంటామె బంతి నారు పెడుదామంటే వద్దన్న, పుంటికూర గింజలే సల్లిన. ఊళ్లె ఇప్పుడు నన్ను గంజాయి సారు అంటరు. ముప్పయి నాలుగేండ్ల తెలుగు సారు ఒక్క సీజన్ల పోయిండు. మా ఇంట్ల పుంటికూర తెంపుడు సుత మారింది. ఇదివరకు పిడికిళ్లకు పిడికిళ్లు తెంపేది. ఇప్పుడు ఒక్కొక్క ఆకును ఎండకు పట్టి చూస్తరు. పుంటికూర ఆకుకు ఏళ్లున్నా అరచేయి ఒక్కటే, మొదట్ల అన్ని కలిసే ఉంటయ్. నీ ఆకు ఏలు ఏలు విడిపోయి తొడిమె దాక చీలి ఉంటది, అంచులకు రంపం పండ్లు. ఒక్క పప్పుకు ఆకు చూసుడే అరగంట.

మొన్న కంపోస్టు తిరగేస్తుంటే పక్కకు ఒక మొలక కనబడ్డది. రెండు ఉత్త ఆకులు, వాటి మీద ఇంకో రెండు చిన్నయి, అంచులకు పండ్లు. చీలే వయసు రాలె. వారమాగితే ఎవరో తెలుస్తది గని, సెక్షన్ 46ల 'వెంటనే' అని ఉన్నది. అంగీ ఉతికి ఉన్నదా అని ఇంటామెను అడిగిన. ఇంతల మా అవ్వ కట్టె పట్టుకొని వచ్చింది, వంగింది, ఒక ఆకు గిల్లి నోట్లె ఏస్కున్నది. వద్దే అవ్వా అనేలోపే నమిలింది.

"పుల్లగున్నది బిడ్డా," అన్నది. "ఉండనియ్యి."

ఇట్లు,
రెండు గుంటల ఆసామి