వాలు-అంతరఖండ రూపం గారికి, కర్నూలు నుంచి

శ్రీయుత వై = ఎమ్ఎక్స్ + సి గారికి,

నేను ఇంటర్ ఫస్టియర్ లెక్కల వన్-బి పేపరు రాసి పాతికేళ్లు దాటింది. మీలో ఎమ్ అంటే గీత వాలు, సి అంటే గీత వై అక్షాన్ని దాటే చోటు, అంటే అంతరఖండం, అంతవరకు గుర్తుంది. మీ మీద కోపం మాత్రం నిన్నటిదే. మా పాప 3ఎక్స్ + 4వై – 12 = 0 అనే సరళరేఖ సమీకరణం పట్టుకొచ్చి "నాన్నా, దీన్ని వాలు-అంతరఖండ రూపంలోకి మార్చాలంట" అంది.

మార్చేదేముంది, వాలు 3, అంతరఖండం –12, కళ్ల ముందే ఉన్నాయి కదా అన్నాను. రెండూ తప్పే. ఎఎక్స్ + బివై + సి = 0 అనే సాధారణ రూపంలో సి వేరంట, మీ ఇంట్లో సి వేరంట! ఇద్దరికీ ఒకే పేరు పెట్టి, పొరపాటు పడితే మార్కులు మాకు కోస్తారు.

మీ షరతు ఒక్కటే: వై గారు ఎడమవైపు ఒంటరిగా కూర్చోవాలి, పక్కన 4 కూడా ఉండకూడదు. సరేనని మిగతావాళ్లని అవతలికి పంపాం. 3 కాస్తా –3 అయింది, –12 కాస్తా 12 అయింది. పక్షం మారితే గుర్తు మారుతుందని సీమవాళ్లకి మీరు నేర్పాలా? ఆ తర్వాత అందర్నీ 4తో భాగించాలి. నేను 12ని మరిచిపోయాను, పాప నవ్వింది. చివరికి తేలింది వై = –(3/4)ఎక్స్ + 3.

ఇంత చేసినా గీత అంగుళం కదల్లేదండీ. అప్పుడూ ఇప్పుడూ ఎక్స్ అక్షాన్ని 4 దగ్గర, వై అక్షాన్ని 3 దగ్గర దాటుతోంది. ఆధార్‌లో పేరు సరిచేయించుకున్నట్టు, మనిషి అదే, తిరుగుడు మాత్రం మనది.

ఒకటి ఒప్పుకుంటాను. మొన్న బస్టాండు దగ్గర ఆటో అతను "ఎక్కితే 30, ఆపైన కిలోమీటరుకి 15" అన్నాడు. అది మీరే. 30 సి, 15 ఎమ్. దిగేటప్పుడు "15ఎక్స్ – వై + 30 = 0 ఇవ్వన్నా" అని ఉంటే అక్కడే గొడవయ్యేది. కదలకముందే ఎంత పోతుంది, కదిలేకొద్దీ ఎంత పోతుంది, మీలో చూడగానే తెలిసిపోతుంది. ఆ మాట మా లెక్చరర్ అప్పుడే చెప్పి ఉంటే ఈ ఉత్తరం ఉండేది కాదు.

అయినా మిమ్మల్ని పూర్తిగా నమ్మలేను. పాప గ్రాఫు కాగితం మీద కొండారెడ్డి బురుజు గీసింది. పైనున్న అడ్డగీతకి మీరు సరిపోయారు, వాలు సున్నా. పక్కన నిలువుగోడ ఎక్స్ = 5 దగ్గర వచ్చింది. అందులో వై లేనే లేదు, ఇక ఎవర్ని ఒంటరిగా కూర్చోబెట్టాలి? మొండికేస్తే సున్నాతో భాగించాలి. మీరు చిన్నచూపు చూసే ఆ సాధారణ రూపమే ఎక్స్ – 5 = 0 అంటూ గోడని నిలబెట్టింది.

"ఈ గోడ వాలు ఎంత నాన్నా?" అంది పాప.

"వాలి ఉంటే బురుజు ఇన్నాళ్లు నిలిచేదా?" అన్నాను.

పాప నా మాట పట్టించుకోకుండా నోట్‌బుక్‌లో 'నిర్వచించలేం' అని రాసుకుంది.

ఇట్లు,
12ని భాగించడం మరిచిన ఒక నాన్న,
కర్నూలు