ఖాళీ గడి చూస్తే ఆగలేని ఆటో షెడ్యూలర్ గారికి

మహాప్రభో,

ఎనిమిది మంది క్యాలెండర్లు రెప్పపాటులో తిరగేసి, మీటింగుకి అందరికీ కుదిరే అరగంట పట్టుకొస్తారు తమరు. అది రోజూ మధ్యాహ్నం ఒంటిగంటకే దొరకడంలో వింతేమీ లేదు. క్యారేజీ విప్పే వేళని ఎవరూ క్యాలెండర్లో రాసుకోరు మరి. సెలవులు హెచ్‌ఆర్ పోర్టల్లో పెడతారు, అది తమరికి కనబడదు. అందుకే కనుమ నాడు పొద్దున 10కి భీమవరం వెళ్లినవాళ్లంతా తమరి లెక్కలో తీరిగ్గా ఉన్నట్టే!

తమరి అసలు ప్రతాపం మార్చిలో చూడాలి. అమెరికావాళ్లు రెండో ఆదివారం గడియారం గంట ముందుకు జరుపుతారు, లండన్‌వాళ్లు చివరి ఆదివారం. మన ముల్లు కదలదు. వారంవారం మీటింగు, పెట్టినవాడి టైమ్‌జోన్‌కి కట్టుబడి ఉంటుంది. కాబట్టి న్యూయార్క్ వాడు పొద్దున 9కి పెట్టింది చలికాలమంతా హైదరాబాద్‌లో రాత్రి 7:30కి నడిచి, ఉన్నట్టుండి 6:30కి దూకి, అక్కడున్న రివ్యూ నెత్తిన కూర్చుంటుంది. అదే మీటింగు లండన్‌లో మధ్యాహ్నం 2కి రావలసింది ఆ మధ్య రెండు మూడు వారాలు 1కే వస్తుంది. తమరు ఏ తప్పూ చేయలేదు, నిజమే. ఎవరికీ ముందుగా చెప్పలేదు, అంతే.

ఇక గదులు. ముగింపు తేదీ లేని వరస మీటింగు పెట్టి మనిషి ఉద్యోగం మానేస్తాడు, గది మాత్రం ప్రతి మంగళవారం ఆయన కోసం తలుపు దగ్గర ఎర్రదీపం పెట్టుకుని ఎదురుచూస్తుంది.

అలాగని చేత్తో పెట్టుకున్న రోజులేమీ స్వర్ణయుగం కాదు. "రేపు 3కి?" "నాకు 4 అయితే..." "4కి కుదరదండీ" అని సాయంత్రం దాకా గ్రూపులో సాగదీసి, చివరికి శనివారం తేల్చేవాళ్లం.

కాబట్టి తమరికి ఉద్వాసన లేదు, పని పంచుకుందాం. రోజువారీ స్టాండప్‌లు (ఎవరి పని ఎక్కడుందో చెప్పుకునే చిన్న మీటింగులు), ఇంటర్వ్యూ స్లాట్లు తమరివి. షరతులు: 1 నుంచి 2 దాకా ముట్టుకోకూడదు, నాలుగు గంటల ముందు చెప్పకుండా పెట్టకూడదు, అరగంటని 25 నిమిషాలకే, గంటని 50కే ముగించాలి, ఏ వరసైనా మూడు నెలలకి దానంతటదే ఆగిపోవాలి. కావాలంటే మళ్లీ పెట్టుకుంటారు. సాధారణంగా ఎవరూ పెట్టుకోరు.

అప్రైజల్, కస్టమర్ కోపం, ఎనిమిది మంది దాటిన ఏ సమావేశమైనా మాకొదిలేయండి. ఎవరు లేకపోతే మీటింగే జరగదో ఆ ఒక్కరికి ముందు ఫోన్ చేసి రెండు సమయాలు తీసుకుంటాం. మిగతావాళ్లలో ఆ రెండింటిలో ఎక్కువమందికి ఏది వీలో తమరు చూసిపెడితే చాలు. మార్చిలోనూ, గడియారాలు మళ్లీ వెనక్కి జరిగే అక్టోబరు చివర, నవంబరు మొదట్లోనూ విదేశాలతో కలిసే వరసలన్నీ ఒక మనిషి కూర్చుని కళ్లతో చూస్తాడు. ఆ పనికి కూడా తమరు మీటింగు పెట్టకండి.

ఇట్లు,
"రావడం తప్పనిసరి కాదు" అని పిలవబడి, రాకపోతే ఎందుకు రాలేదని అడగబడే ఒక ఆహ్వానితుడు