వాల్కాట్ పెద్దరికం చెరకు తోటల్లోనే ఉంది

వెస్టిండీస్ బ్యాట్స్‌మన్ క్లైడ్ వాల్కాట్ జీవితాన్ని ఎవరు రాసినా పతాకఘట్టం ఒక్కటే. ప్రపంచ క్రికెట్ పాలక సంస్థ ఐసీసీలో ఇంగ్లండ్, ఆస్ట్రేలియాల వీటో పోయిన 1993లోనే దానికి ఆయన తొలి నల్లజాతి ఛైర్మన్ అయ్యారు. అది చిన్న విషయం కాదు. 44 టెస్టుల్లో 56.68 సగటూ, 15 సెంచరీలూ చిన్నవి కావు. కానీ నా లెక్కలో ఆయన చేసిన అతిపెద్ద పని ఈ రెంటిలో ఏదీ కాదు. అది 1954లో బ్రిటిష్ గయానా (నేటి గయానా) చెరకు తోటల్లో మొదలైంది.

చక్కెర ఉత్పత్తిదారుల సంఘం తోటల్లో క్రికెట్‌ను తీర్చిదిద్దే పని ఆయనకు అప్పగించింది. అప్పటికే ప్రపంచ మేటి బ్యాట్స్‌మన్‌. రాజధాని జార్జ్‌టౌన్‌లోనే మకాం వేసి, తన దగ్గరికి వచ్చినవాళ్లకే పాఠాలు చెప్పినా అడిగేవారు లేరు. ఆయన తోటలకు వెళ్లారు. తూర్పున బెర్బిస్ ప్రాంతంలో పోర్ట్ మొరాంట్ అనే తోట ఊరుంది. అక్కడ చాలా కుటుంబాల పెద్దలు కలకత్తా, మద్రాసు రేవుల్లో ఓడలెక్కిన ఒప్పంద కూలీలు. మద్రాసు ఓడల్లో తెలుగువాళ్లూ వెళ్లారు. ఆ ఊరి కుర్రాళ్లు రోహన్ కన్హాయ్, బాసిల్ బుచర్, జో సాలమన్‌లకు వాల్కాట్ అండగా నిలిచారు.

ఫలితం కలకత్తాలో మనమే చూశాం. 1958 డిసెంబర్ 31న ఈడెన్ గార్డెన్స్‌లో మొదలైన టెస్టులో వెస్టిండీస్ 5 వికెట్లకు 614 పరుగులు చేసింది. కన్హాయ్ 256, బుచర్ 103, సాలమన్ 69 నాటౌట్. మొత్తం 428. ఒక్క చెరకు తోట ఊరు చేసిన పరుగులవి!

కూలీల అసంతృప్తిని చల్లార్చడానికే కంపెనీలు క్రికెట్‌కు డబ్బు పెట్టాయని కొందరంటారు. 1948లో ఎన్‌మోర్ తోటలో అయిదుగురు కార్మికులు పోలీసు కాల్పులకు బలయ్యారు. 1953లో బ్రిటన్ అక్కడి ఎన్నికైన ప్రభుత్వాన్ని కూల్చింది. కాబట్టి ఆ అనుమానం సబబే. అయితే కంపెనీ ఉద్దేశం కంపెనీది, వాల్కాట్ చెమట వాల్కాట్‌ది. ఆ డబ్బుతో ఆయన కూలీ బిడ్డలను టెస్టు జట్టు దాకా నడిపించారు.

క్రీడా పాలన అంటే నాకు ఇదే. ఇవాళ ఏ దేశపు బోర్డు సమావేశమైనా ప్రసార హక్కులతో మొదలై ఆదాయంలో వాటాలతో ముగుస్తోంది. మాజీ ఆటగాళ్లకు పదవులిస్తే ఆట బాగుపడుతుందన్న భ్రమ వేరే ఉంది. పదవి కన్నా ముందు ఆ మనిషి ఏ పల్లె మైదానాల్లో నిలబడ్డాడో ఎవరూ అడగరు. వాల్కాట్ వెస్టిండీస్ బోర్డు అధ్యక్షుడైంది 1988లో, తోటల్లో అడుగుపెట్టిన 34 ఏళ్లకు.

1955లో ఆస్ట్రేలియాపై ఒకే సిరీస్‌లో ఆయన చేసిన 5 సెంచరీల్లో మూడు కింగ్‌స్టన్‌లోని సబీనా పార్క్‌లోనే వచ్చాయి. 2025 జులైలో అదే మైదానంలో, అదే ఆస్ట్రేలియాపై వెస్టిండీస్ 27 పరుగులకే కుప్పకూలింది. వెంటనే బోర్డు ఒకనాటి దిగ్గజాలు లాయిడ్, రిచర్డ్స్, లారాలను సమావేశానికి పిలిచింది. పిలవడం తప్పు కాదు. కానీ 1954లో వాల్కాట్‌ను కూడా ఒక గదిలో కూర్చోబెట్టి సలహా అడిగి పంపేసి ఉంటే, పోర్ట్ మొరాంట్‌కు ఎవరు వెళ్లేవారు?