కుట్లు విప్పిన రోజు

కడుపుతో ఉన్నప్పుడు నేను పద్నాలుగు కిలోలు పెరిగాను. పాప పుట్టగానే అందులో చాలావరకు పాపతోపాటే బయటికొచ్చేస్తుందని లెక్కేసుకున్నాను. తీరా చూస్తే తగ్గింది ఆరు. పాపవి మూడు, మాయా ఉమ్మనీరూ వగైరా ఇంకో మూడు. మరి మిగిలిన ఎనిమిదీ ఎవరివయ్యా అంటే, నావేనట.

ఆరో వారం డాక్టరమ్మ దగ్గరికి అమ్మా నేనూ వెళ్ళాం. "పాలిచ్చేదానివి, రోజుకి 500 క్యాలరీల దాకా అదనంగా కావాలి. కడుపు మాడ్చుకోకు. రోజూ కాసేపు నడువు. వారానికి అరకిలో తగ్గితే చాలు. ఆపరేషన్ కుట్లు కదా, పొట్ట వ్యాయామాలకి ఇప్పుడే తొందరపడకు" అందావిడ. ఇందులో నాకు వినిపించింది "తగ్గితే". అమ్మకి వినిపించింది "అదనంగా". ఆ పూట నుంచే వెల్లుల్లి కారంలో నెయ్యి గరిటెతో పడింది. తెలగపిండి కూర, మునగాకు, డబ్బా నిండా సున్నుండలు.

వారానికి అరకిలో అంటే ఎనిమిది కిలోలకి పదహారు వారాలు. పిన్ని కూతురి పెళ్లికి ఉన్నది నాలుగే. అందుకని రాత్రి అన్నం మానేశాను. మూడోరోజు రాత్రి రెండింటికి పాపకి పాలిచ్చి లేచేసరికి కళ్ళు తిరిగాయి. చీకట్లోనే వంటింట్లోకి నడిచి నాలుగు సున్నుండలు తిన్నాను. ఐదోది నోట్లో ఉండగా లైటు వెలిగింది. అమ్మమ్మ. ఏమీ అనలేదు, గ్లాసుడు మంచినీళ్ళు చేతికిచ్చి వెళ్ళి పడుకుంది. తిట్టినా బాగుండేది.

పెళ్లి ఇంకో వారం ఉందనగా నా పట్టు జాకెట్టు తీశాను. మగ్గం పని చేయించింది, చీరతో పోటీపడే ఖరీదు. ఊపిరి బిగబట్టి చేతులైతే దూర్చాను. హుక్కులకీ కాజాలకీ మధ్య బెత్తెడు దూరం. సరే, విప్పేద్దామంటే మోచేతి పైన ఇరుక్కుని పైకీ రాదు, కిందికీ రాదు. సరిగ్గా అప్పుడే పాప లేచి కెవ్వుమంది. ఆ ఏడుపు వినగానే పాలు చేపుకొచ్చి పట్టంతా తడిసిపోయింది. చేతులు రెండూ దిష్టిబొమ్మలా చాచి నిలబడ్డాను. పాపని ఎత్తుకోవడానికి కూడా లేదు.

"బ్లేడు తేవే" అంది అమ్మమ్మ.

"అమ్మమ్మా, మగ్గం పని!"

"పని మీద కాదే, కుట్టు మీద."

అమ్మ దీపం పట్టినట్టు ఫోను లైటు పట్టుకుంది. కళ్ళజోడు సర్దుకుని అమ్మమ్మ ఒక్కో కుట్టూ తెంపింది. ఆస్పత్రిలో నాకు కుట్లేసినప్పుడు కూడా ఇంత టెన్షన్ పడలేదు. రెండు చేతులూ ఊడేదాకా పాప ఏడుపూ నా ఏడుపూ జంటగా సాగాయి.

మర్నాడు జాకెట్టు పట్టుకుని టైలరు దగ్గరికి వెళ్ళాం. ఆయన దాన్ని తిరగేసి చూసి, లోపల మడిచి వదిలిన గుడ్డ మీద వేలు పెట్టాడు.

"దీనికేముందమ్మా, రెండంగుళాలు వదిలేశా. పెళ్లి జాకెట్లన్నిటికీ వదులుతా. ఇప్పటికి ఒకటి విప్పితే సరిపోతుంది."

"ఇంకోటో?" అన్నాను.

అమ్మ భుజం మీద నిద్రపోతున్న పాపని చూసి నవ్వాడు.

"అది రెండోసారికమ్మా."