తాళం ఇంటివాళ్లది, కారిడార్ అందరిది

విశాఖపట్నంలో మధురవాడ, పీఎం పాలెం వైపు కొత్తగా లేస్తున్న అపార్ట్‌మెంట్ల ప్రకటనల్లో లిఫ్టు, జనరేటర్ల సరసన ‘డిజిటల్ లాక్’ కూడా కనిపిస్తోంది. ఎంవీపీ కాలనీ, సీతమ్మధారల్లోని పాత ఇళ్లలోనూ సింహద్వారం పక్కన వీడియో డోర్‌బెల్ బిగించుకుంటున్నారు. దుకాణాల్లో ఈ రెండింటినీ ఒకే అరలో పెట్టి ఇంటి భద్రత పేరుతో అమ్ముతారు గానీ వాటి స్వభావాలు వేరు. ఇంట్లోకి ఎవరు రావచ్చో తేల్చేది తాళం. ఆ నిర్ణయం ఇంటివాళ్లదే. గుమ్మం బయట ఎవరు నిలబడ్డారో, ఎవరు అటుగా నడిచి వెళ్లారో నమోదు చేసేది డోర్‌బెల్ కెమెరా. ఆ చోటు మాత్రం ఒక్క ఇంటికి చెందింది కాదు. ఈ తేడాను గమనించకపోవడం వల్ల తాళం మీద అక్కర్లేని అనుమానం, కెమెరా మీద అతి నమ్మకం పెరుగుతున్నాయన్నది నా అభిప్రాయం.

సంక్రాంతి వస్తే విశాఖ నుంచి శ్రీకాకుళం, విజయనగరం, గోదావరి జిల్లాల్లోని సొంత ఊళ్లకు ఎన్నో కుటుంబాలు బయలుదేరతాయి. గొళ్లేనికి వేలాడే తాళంకప్ప ఆ సంగతిని వీధి మొత్తానికి చాటి చెబుతుంది. తలుపులోనే ఇమిడిపోయే అంకెల తాళం మాత్రం లోపల మనిషి ఉన్నదీ లేనిదీ బయటపెట్టదు. కంపెనీలు ప్రకటనల్లో అంతగా చెప్పుకోని ఈ గుణమే నా దృష్టిలో అన్నిటికన్నా విలువైనది. కాకపోతే ఆ తలుపు ముందు ఇనుప గ్రిల్ గేటు పెట్టించి, దానికి మళ్లీ పాత తాళంకప్పే తగిలిస్తే ఆ లాభం కాస్తా పోతుంది.

రెండో లాభం తాళంచెవుల పంపకానికి సంబంధించింది. పక్కింటివాళ్ల దగ్గర ఒకటి, వాచ్‌మన్ దగ్గర ఒకటి, ఇంటి పనికి వచ్చే ఆమె దగ్గర ఒకటి ఉంచే ఇళ్లలో, నకలు ఎవరు చేయించుకున్నారో తెలుసుకునే దారే లేదు. అంకెల తాళంలో మనిషికో కోడ్ ఇవ్వవచ్చు, పని మానేసిన వారి కోడ్‌ను ఆ రోజే తీసేయవచ్చు. ఇక కోడ్‌ను ఊహించి తెరుస్తారన్న భయం గురించి చెప్పుకోవాలంటే, నాలుగంకెలతో 10,000, ఆరంకెలతో 10 లక్షల కోడ్‌లు సాధ్యం. పైగా కొన్నిసార్లు తప్పు నొక్కగానే తాళం కాసేపు స్తంభించిపోతుంది. అసలు చిక్కు మీటల మీద పడే మరకలతోనే. అవే నాలుగు మీటలు రోజూ నొక్కితే అరిగి, జిడ్డుపట్టి వాటంతట అవే బయటపడతాయి. అప్పుడు 10,000 కాస్తా 24 అవుతుంది. అసలు కోడ్‌కు ముందూ వెనకా ఏవో అంకెలు కలిపి నొక్కినా తెరుచుకునే సదుపాయం చాలా తాళాల్లో ఉంది. దాన్ని వాడుకోకుండా పుట్టిన సంవత్సరాన్నో, బండి నంబరునో కోడ్‌గా పెట్టుకుంటే తప్పు తాళానిది కాదు.

విశాఖలో కొనేవారు అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది. లాసన్స్ బే, రుషికొండ వంటి తీరప్రాంతాల్లో ఉప్పుగాలి ఇనుప గ్రిల్‌నే కొన్నేళ్లలో తినేస్తుంది. పెట్టె మీద ‘ఐపీ65’ అని చూసి చాలామంది నిశ్చింతగా ఉంటారు, కానీ ఆ అంకె దుమ్ముకూ నీటి ధారకూ సంబంధించిన పరీక్షను మాత్రమే సూచిస్తుంది. ఉప్పుకు తట్టుకోవడాన్ని తేల్చే సాల్ట్ స్ప్రే పరీక్ష వేరు. తాళం ఒళ్లు ఏ లోహంతో చేశారని అడగాలి. స్టెయిన్‌లెస్ స్టీల్‌లో కూడా 304 రకం కన్నా 316 రకం సముద్రతీరానికి మేలు. వానాకాలంలో ఉబ్బి చౌకట్టుకు పట్టేసే టేకు తలుపుకు మోటారుతో కదిలే గడియ పెట్టిస్తే, ఆ బిగువును తోయలేక మోటారు మొరాయిస్తుంది. తాళం కొనే ముందు వడ్రంగిని పిలవడం తెలివైన పని. లక్ష్మీదేవిని చెక్కించుకున్న సింహద్వారానికి ఎక్కడ కన్నం పెట్టాలన్న చర్చ ఎలాగూ ఇంట్లో తప్పదు.

కరెంటు లేనప్పుడు ఈ రెండు పరికరాల తేడా మరింత తేటగా తెలుస్తుంది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను తీరం దాటాక నగరంలో చాలా చోట్ల రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లూ మూగబోయాయి. అలాంటి వేళల్లోనూ బ్యాటరీతో నడిచే అంకెల తాళం పని చేస్తుంది; బ్యాటరీ అడుగంటినా బయటి నుంచి 9 వోల్టుల బ్యాటరీనో, యూఎస్‌బీ తీగనో తగిలించి తెరవవచ్చు, చాలా వాటికి మామూలు తాళంచెవి కూడా ఉంటుంది. ఆ తాళంచెవిని ఇంట్లోనే దాచుకుంటే ఉపయోగం లేదనుకోండి. వైఫై డోర్‌బెల్ సంగతి అలా కాదు. రూటర్ ఆగిన క్షణాన, దూరంగా ఉన్నవారికి అది చూపేదేమీ ఉండదు.

డోర్‌బెల్‌కు ఉపయోగమే లేదని నా వాదన కాదు. పిల్లలు అమెరికాలో స్థిరపడగా ఇక్కడ ఇద్దరే ఉంటున్న వృద్ధ దంపతులకు, గొలుసు తీయకుండానే వచ్చినవారిని చూసి మాట్లాడగలగడం నిజమైన ధైర్యం. అయితే ఆ యాప్‌ను న్యూజెర్సీలో ఉన్న కొడుకు ఫోన్‌లో మాత్రమే పెట్టించే ఇళ్లూ ఉన్నాయి. ఇక్కడ మధ్యాహ్నం మూడింటికి కొరియర్ అబ్బాయి గంట నొక్కితే అక్కడ వేసవిలో తెల్లవారుజాము అయిదున్నర, చలికాలంలో నాలుగున్నర. తలుపు తీయాల్సిన వారి చేతిలో లేని కెమెరా వారికి రక్షణ ఎలా అవుతుంది?

అంతకన్నా పెద్ద ప్రశ్న ఎదురింటివారిది. మన అపార్ట్‌మెంట్లలో గుమ్మాలు ఎదురెదురుగా ఉంటాయి, మధ్య దూరం కొద్ది అడుగులే. విశాలంగా చూసే కెమెరాకు ఎదురింటి తలుపు తెరిచినప్పుడల్లా వాళ్ల హాలు కనిపిస్తుంది. మైకు ఉంటే మెట్ల దగ్గర ఆడవాళ్లు చెప్పుకునే మాటలూ వినిపిస్తాయి. ఆంధ్రప్రదేశ్ అపార్ట్‌మెంట్ల చట్టం, 1987 ప్రకారం కారిడార్ ఉమ్మడి స్థలం. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం మాత్రం వ్యక్తులు సొంత, ఇంటి అవసరాలకు వాడుకునే డేటాను తన పరిధి నుంచి మినహాయించింది. ఇంటి అవసరం ఏ గడప దగ్గర ఆగిపోతుందన్న గీతను అందులో గీయలేదు. బ్రిటన్‌లో 2021లో ఆక్స్‌ఫర్డ్ కౌంటీ కోర్టు ఒక పొరుగింటి తగాదాలో సరిగ్గా ఆ గీత దగ్గరే ఆగి, కెమెరాలు అంత దూరం నుంచి మాటలను పట్టుకోవడం మితిమీరినదని తేల్చింది. అమెరికాలో డోర్‌బెల్ కెమెరాలు అమ్మే రింగ్ కంపెనీ ఉద్యోగులు వినియోగదారుల ఇళ్లలోపలి కెమెరాల దృశ్యాలను చూశారన్న ఆరోపణలపై, 2023లో ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌తో 58 లక్షల డాలర్లకు ఆ కంపెనీ రాజీ కుదుర్చుకుంది. మన కారిడార్ దృశ్యాలు కూడా ఎక్కడో ఒక సర్వర్‌కే చేరుతున్నాయి.

అందుకని డోర్‌బెల్ బిగించేముందు అసోసియేషన్ సమావేశంలో ఎదురింటివారి అంగీకారం తీసుకోవడం, కెమెరా చూపును తన గుమ్మానికే పరిమితం చేయడం, మైకు రికార్డింగ్ ఆపి ఉంచడం కనీస మర్యాద. ఊరెళ్లేవారికి, తాళం వేసిన ఇళ్లను కనిపెట్టుకుని ఉండే ఆంధ్రప్రదేశ్ పోలీసుల ఏర్పాటు ఎల్‌హెచ్‌ఎంఎస్ ఉంది. యాప్‌లో కోరితే తాళం వేసిన ఇంట్లోపల తాత్కాలికంగా కెమెరా పెడతారు, అది పక్కవారి గుమ్మం వైపు చూడదు. దొంగతనం జరిగాక డోర్‌బెల్ దృశ్యాలే సాక్ష్యమనుకునేవారు, భారతీయ సాక్ష్య అధినియమ్‌లోని 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డుకు ధ్రువపత్రం జతచేయాలని, అంతకన్నా ముందు పాత దృశ్యాలు చెరిగిపోకముందే వాటిని భద్రపరచుకోవాలని తెలుసుకోవాలి.

తాళం ఇంటివాళ్లదే అన్నాను గానీ అద్దె ఇంట్లో ఆ ఇంటివాళ్లెవరన్నది తేలాల్సే ఉంది. నావికాదళం, ఉక్కు కర్మాగారం, రైల్వే ఉద్యోగాల మీద వచ్చిపోయే కుటుంబాలు విశాఖలో ఎక్కువ. మాస్టర్ కోడ్ యజమాని ఫోన్‌లో ఉంటే, అద్దెకు దిగినవారు నిద్రపోతున్నప్పుడు కూడా తలుపు తెరిచే వీలు ఆయనకు ఉన్నట్టే. అద్దెదారు ఫోన్‌లో ఉండిపోతే, ఖాళీ చేసి వెళ్లాక తర్వాత వచ్చేవారికి అదే చిక్కు. 11 నెలల ఒప్పంద పత్రాల్లో ఫ్యాన్లు, ట్యూబ్‌లైట్లు లెక్కపెట్టి రాస్తున్నాం గానీ, కోడ్ ఎవరి దగ్గర ఉండాలో, ఇల్లు అప్పగించే రోజు దాన్ని ఎవరి ఎదుట చెరిపేయాలో రాసే అలవాటు ఇంకా రాలేదు.