అమెజాన్ రాష్ట్రాలు చేతులు కలపాల్సింది కార్బన్ సంతలో కాదు, పశువుల రవాణా చిట్టీ దగ్గర

బ్రెజిల్‌లోని పరా రాష్ట్రం 2024 సెప్టెంబరులో ఒక భారీ బేరం ప్రకటించింది. టన్నుకు 15 డాలర్ల లెక్కన కోటీ 20 లక్షల టన్నుల దాకా కార్బన్ క్రెడిట్లు, మొత్తం 18 కోట్ల డాలర్లు. (అడవిని నరకకుండా ఆపి తగ్గించిన ఒక్కో టన్ను కాలుష్యం ఒక్కో క్రెడిట్. కొన్న కంపెనీ దాన్ని తన కాలుష్యానికి బదులుగా చూపించుకుంటుంది.) కొనేది ప్రధానంగా, అటవీ క్రెడిట్లు కొనడానికి ఏర్పడిన లీఫ్ కూటమిలోని పెద్ద కంపెనీలు. ఏడాది తిరక్కుండానే ఫెడరల్ ప్రాసిక్యూటర్లు కోర్టుకెక్కారు. ఆదివాసులను ముందుగా సంప్రదించలేదన్నది వాళ్ల మొదటి అభ్యంతరం. ఇంకా పుట్టని క్రెడిట్లను ముందే అమ్మడం కొత్త కార్బన్ మార్కెట్ చట్టానికి విరుద్ధమన్నది రెండోది. కేసు ఎటు తేలినా, అసలు ప్రశ్న కోర్టు బయటే ఉంది. ఉష్ణమండల అడవులున్న రాష్ట్రాలు ఇన్నేళ్లుగా ఒకదానితో ఒకటి చేసుకుంటున్న ఒప్పందాలన్నీ ఎందుకు అమ్మకం చుట్టూనే తిరుగుతున్నాయి?

ఈ కథ 2008లో మొదలైంది. కాలిఫోర్నియా గవర్నర్‌గా ఉన్న ఆర్నాల్డ్ ష్వార్జ్‌నెగర్ చొరవతో బ్రెజిల్, ఇండొనేసియా, అమెరికా రాష్ట్రాలు కలిసి గవర్నర్ల వాతావరణ, అటవీ కూటమిని కట్టాయి. (అక్కడి గవర్నర్లు మన రాష్ట్రాల గవర్నర్ల వంటివారు కారు, మన ముఖ్యమంత్రుల్లా ఎన్నికై పాలించేవాళ్లు.) ఇప్పుడందులో 40కి పైగా రాష్ట్రాలున్నాయి. 2010లో కాలిఫోర్నియా, బ్రెజిల్‌లోని అక్రె, మెక్సికోలోని చియాపాస్ మధ్య ఒప్పందం కుదిరింది. అడవిని కాపాడిన టన్నులను కాలిఫోర్నియా పరిశ్రమలు కొంటాయన్నది ఆశ. ఆ రాష్ట్రం 2019లో ఉష్ణమండల అడవుల క్రెడిట్లకు ఒక ప్రమాణాన్ని ఆమోదించింది గానీ, తన మార్కెట్లో ఒక్క ఉష్ణమండల టన్నునూ అనుమతించలేదు. ఈ మధ్యలో, 2014లో, రియో బ్రాంకో ప్రకటన వచ్చింది. నిధులు అందితే 2020 నాటికి నరికివేతను 80 శాతం తగ్గిస్తామని ఆ గవర్నర్ల కూటమి సభ్య రాష్ట్రాలు మాటిచ్చాయి. 2014లో బ్రెజిల్ అమెజాన్‌లో పోయిన అడవి 5,012 చ.కి.మీ. 2020లో పోయింది 10,851 చ.కి.మీ.

నిధులు అందలేదు కాబట్టి మాట తప్పారనుకోవడం తేలిక. కానీ అదే దేశంలో 2004లో 27,772 చ.కి.మీ. ఉన్న నరికివేత 2012 నాటికి 4,571కి పడిపోయింది. అది క్రెడిట్లు అమ్మి సాధించింది కాదు. ఉపగ్రహ హెచ్చరికలు తనిఖీ బృందాలకు చేరాయి. నరికిన భూమి వాడకంపై నిషేధం పడింది, ఆ నిషేధ జాబితా బయటపెట్టారు. 2008 నుంచి పత్రాలు సరిగా లేని రైతుకు బ్యాంకు అప్పు పుట్టలేదు. నరికివేత ఎక్కువున్న మున్సిపాలిటీల పేర్లతో నల్ల జాబితా వచ్చింది. పరాలోని పరగోమినాస్ ఆ జాబితా నుంచి బయటపడడానికి తన భూముల రిజిస్ట్రీని తానే సరిచేసుకుని 2010లో బయటికొచ్చింది. పని చేసినవి జాబితా, అప్పు, రిజిస్ట్రీ.

క్రెడిట్ ఎందుకు పని చేయదో లెక్క వేస్తేనే తెలుస్తుంది. అమెజాన్ అడవిలో హెక్టారుకు సుమారు 130 టన్నుల కార్బన్ ఉందనుకుందాం. అది గాలిలో కలిస్తే బరువు 3.67 రెట్లై దాదాపు 475 టన్నుల కార్బన్ డయాక్సైడ్ అవుతుంది, కాగితం మీద అన్ని క్రెడిట్లు. కానీ లీఫ్ కొనే క్రెడిట్లకు వాడే ట్రీస్ ప్రమాణం ప్రకారం, దేశ అడవిలో 25 శాతం కన్నా తక్కువ వాటా ఉన్న రాష్ట్రానికి 20 శాతం కోత పడుతుంది. ఇక్కడ ఆపిన గొడ్డలి పక్క రాష్ట్రానికి వెళ్లి ఉంటుందన్న అనుమానానికి ఆ కోత. రేపు అడవి తగలబడితే పూడ్చడానికంటూ, ప్రమాదాన్ని బట్టి 5 నుంచి 25 శాతం వరకు విడిగా నిల్వలో పెడతారు. కొలతల్లో అనిశ్చితికి ఇంకో కోత. చిన్న రాష్ట్రమైన అక్రె ఒంటరిగా వెళితే పూర్తి 20 శాతం పోతుంది. తొమ్మిది అమెజాన్ రాష్ట్రాలూ ఒకే లెక్కగా వెళితే దేశ అడవిలో సగానికి మించిన వాటా అవుతుంది, ఆ కోత 10 శాతానికో అంతకన్నా కిందికో దిగుతుంది. అంటే ప్రమాణమే కలిసి రమ్మని పిలుస్తోంది. అయినా ఎవరి బేరం వాళ్లే ఆడుకుంటున్నారు. క్రెడిట్ అమ్మకంలో పొరుగు రాష్ట్రం పోటీదారు అవుతుంది గనుక.

అంతకన్నా ఘోరం పోల్చే ఏళ్లది. ట్రీస్‌లో గత ఐదేళ్ల సగటుతో పోల్చి తగ్గింపు లెక్కిస్తారు. పరాలో 2021లో 5 వేల చ.కి.మీ. పైగా అడవి పోయింది. అధ్యక్షుడు బోల్సొనారో హయాంలో తనిఖీలు చచ్చుబడిన కాలమది. ఆ ఏళ్లు సగటులో ఉన్నాయి కాబట్టే 2024లో 2,400 చ.కి.మీ. లోపు నరికినా పరా చేతిలో అమ్మకానికి బోలెడు టన్నులు మిగిలాయి. అమాపా లాంటి రాష్ట్రం మొదటినుంచీ అడవిని పెద్దగా ముట్టుకోలేదు, దానికి చూపించే తగ్గింపే లేదు. అలాంటివాటికి వేరే సూత్రం పెట్టారు గానీ దాని మీద విమర్శ ఆగలేదు. నరికి ఆగినవాడికి డబ్బు, నరకనివాడికి వివరణ!

దీనికి ఎదుటివాదం ఒకటుంది, అది బలహీనమైనదేం కాదు. 2004-12 తగ్గుదల ఫెడరల్ ప్రభుత్వం సాధించింది, రాష్ట్రాలు ఊరికే ఫొటోల్లో నిలబడ్డాయి, వాటి కూటముల మీద ఆశ పెట్టుకోవద్దు అంటారు. చియాపాస్‌లో, అక్రెలో ఆదివాసీ సంఘాలు కొన్ని ఇంకాస్త ముందుకెళ్లి ఇదంతా ఉత్తరాది పరిశ్రమలకు కాలుష్యపు లైసెన్సు అన్నాయి. రెండో మాటతో నాకు పేచీ లేదు. మొదటిది సగమే నిజం. 2011 తర్వాత చట్టప్రకారం చెట్లు తొలగించే అనుమతి ప్రధానంగా రాష్ట్రాల చేతికొచ్చింది. గ్రామీణ పర్యావరణ రిజిస్ట్రీలో రైతు తానే నింపిన వివరాలను సరిచూడాల్సింది రాష్ట్రం. పశువుల రవాణా చిట్టీ ఇచ్చేదీ రాష్ట్రమే. పైగా ఫెడరల్ ప్రభుత్వం మనసు మారితే ఏమవుతుందో 2019లో చూశాం: నార్వే వంద కోట్ల డాలర్లకు మించి ఇచ్చిన అమెజాన్ నిధి మూతపడి, 2023 జనవరి దాకా తెరుచుకోలేదు.

అసలు విషయం ఆ చిట్టీలోనే ఉంది. అమెజాన్‌లో నరికిన భూమిలో ఎక్కువ భాగం చివరికి పచ్చిక బయలే అవుతుంది. అక్కడ పశువును ఒక పొలం నుంచి ఇంకో పొలానికి తరలించాలంటే రాష్ట్ర పశు ఆరోగ్య సంస్థ ఇచ్చిన చిట్టీ ఉండాలి. ఏ పొలం నుంచి, ఏ పొలానికి, ఎన్ని తలలు, ఏ వయసు, ఆడవా మగవా, దేనికి తీసుకెళ్తున్నారు అన్నీ అందులో ఉంటాయి. గాలికుంటు వ్యాధిని అదుపు చేయడానికి పెట్టిన ఏర్పాటు ఇది. ప్రపంచంలో ఏ కార్బన్ కన్సల్టెంటు తయారుచేసిన పటం కన్నా అడవి పోవడానికి కారణాన్ని ఈ చిట్టీ బాగా చెబుతుంది. దాన్ని అందుకు వాడుకునేది మాత్రం చాలా తక్కువ.

ఎలా తప్పించుకుంటున్నారో చూడండి. దూడ పుట్టేది ఒక పొలంలో, పెరిగేది ఇంకో దాంట్లో, బలిసేది మూడోదాంట్లో. 2009లో పరాలో ప్రాసిక్యూటర్లు కబేళాలతో ఒప్పందాలు కుదుర్చుకున్నారు, నిషేధం పడిన పొలం నుంచి పశువులను కొనకూడదని. కబేళా సరిచూసేది మాత్రం తనకు నేరుగా అమ్మిన పొలాన్నే, అంటే మూడోదాన్నే. దూడ పుట్టిన మొదటి పొలం నిన్న అడవిని తగలబెట్టి చేసినదైనా చివరి చిట్టీలో దాని పేరుండదు. ఒకే యజమానికి రెండు పొలాలుంటే మరీ సులువు. నిషేధం పడిన పొలం నుంచి శుభ్రమైన పొలానికి ఒక చిట్టీ, అక్కడి నుంచి కబేళాకు ఇంకొకటి. ఒక్కోసారి పశువులు కదలవు, కాగితాలే కదులుతాయి.

పట్టుకునే దారీ ఉంది. ప్రాసిక్యూటర్ల తనిఖీ పద్ధతిలో ఒక హద్దు పెట్టారు: ఏడాదికి హెక్టారుకు మూడు పశువుల కన్నా ఎక్కువ అమ్మే పొలాన్ని అనుమానించాలి. 200 హెక్టార్ల పచ్చికలో ఏడాదికి 2,000 తలలు అమ్మారంటే ఎక్కడినుంచో వచ్చి చేరినట్టే. ఎక్కడినుంచో చెప్పేది లోపలికి వచ్చిన చిట్టీలు. పరా 2021లో సెలో వెర్దె అనే వేదిక పెట్టి, రిజిస్ట్రీని, ఉపగ్రహ పటాలను, చిట్టీలను ఒకదానితో ఒకటి కలిపి చూసింది. నేరుగా అమ్మినవాళ్లే కాక వాళ్లకు అమ్మినవాళ్లు కూడా కనబడ్డారు. మినాస్ జెరైస్ రాష్ట్రం అదే పద్ధతిని తెచ్చుకుంది. సాంకేతికంగా ఇందులో పెద్ద చిక్కేమీ లేదు. చిక్కు సరిహద్దు దగ్గరుంది. టోకాంటిన్స్ నుంచో మాటో గ్రోసో నుంచో దూడ వస్తే, ఆ చిట్టీ వెనకున్న చరిత్ర అక్కడి రాష్ట్ర కంప్యూటర్‌లోనే ఆగిపోతుంది.

చిట్టీలు ఎందుకు పంచుకోరు? వ్యక్తిగత సమాచారమంటారు. పశువైద్య సంస్థలు ఇంకో మాట అంటాయి, అది కొట్టిపారేయలేనిది: చిట్టీని అడవి కేసులకు వాడితే రైతు అసలు చిట్టీయే తీసుకోడు, వ్యాధి నియంత్రణ చెడిపోతుంది. దీనికి విరుగుడు కష్టమేం కాదు. చిట్టీని బయటపెట్టనక్కర్లేదు. ఒక రాష్ట్రం కంప్యూటర్ ఇంకో రాష్ట్రం కంప్యూటర్‌ను ఒక్క ప్రశ్న అడిగితే చాలు: ఈ మందలో నిషేధం పడిన పొలం నుంచి వచ్చినవి ఉన్నాయా, లేవా? జవాబు అవును లేదా కాదు. పేర్లు, ధరలు అక్కర్లేదు. ఈ ఏర్పాటుకు ఐక్యరాజ్యసమితి సదస్సు అవసరం లేదు, తొమ్మిది పశు ఆరోగ్య సంస్థల అధికారులు ఒక గదిలో కూర్చుంటే సరిపోతుంది. అలా కూర్చోబెట్టడానికే అమెజాన్ రాష్ట్రాల కన్సార్షియం ఉంది.

గడువుల సంగతి చూస్తే సహకారం ఎంత పైపైనుందో తెలుస్తుంది. ప్రతి పశువు చెవికీ ట్యాగు వేసి 2026 చివరికల్లా పుట్టిన చోటు నుంచి గుర్తిస్తామని పరా 2023లో ప్రకటించింది. ఫెడరల్ ప్రణాళిక గడువు 2032. పరా 2023లో పెట్టుకున్న గడువే నిలిచినా, మధ్యలో ఉన్న ఆరేళ్లూ ట్యాగు లేని పశువుకు పక్క రాష్ట్రంలో దారి తెరిచే ఉంటుంది. నియమం పాటించిన పరా రైతుకు ఖర్చు, పాటించని పొరుగువాడికి బేరం. ఏ రైతు సంఘమైనా దీన్ని చూపించి గడువు వాయిదా వెయ్యమనే అడుగుతుంది.

మాటో గ్రోసోదైతే కంచే చేను మేసిన వ్యవహారం. 2015 పారిస్ సదస్సులో ఉత్పత్తి, పరిరక్షణ, అందరికీ భాగం అంటూ గొప్ప ప్రణాళిక ప్రకటించిన రాష్ట్రమిది. 2024లో అదే రాష్ట్రం ఒక చట్టం చేసింది: అడవి నరికిన భూమిలో పండిన సోయా కొనబోమని 2006 నుంచి కంపెనీలు పాటిస్తూ వచ్చిన స్వచ్ఛంద నిషేధంలో ఎవరైనా కొనసాగితే వాళ్లకు పన్ను రాయితీలు ఇవ్వదట. అంతర్జాతీయ వేదిక మీద సంతకం పెట్టేది పర్యావరణ శాఖ. రాయితీ తీసేసేది ఆర్థిక శాఖ. గెలిచేది ఎప్పుడూ రెండోదే.

అందుకే నా దృష్టిలో అసలు రణరంగం పన్ను. బ్రెజిల్‌లో రాష్ట్రాలు తమ అమ్మకపు పన్నులో పావు వంతు మున్సిపాలిటీలకు పంచాలి. ఆ పంపకంలో కొంత భాగాన్ని రక్షిత ప్రాంతాల విస్తీర్ణాన్ని బట్టి ఇవ్వాలన్న ఆలోచనను 1991లో పరానా రాష్ట్రం మొదలెట్టింది, పరా 2012లో తెచ్చుకుంది. ఇక్కడ కొనేవాడి కోసం వెతకనక్కర్లేదు, ఐదేళ్ల సగటులతో గారడీ లేదు, విదేశీ కంపెనీ ఇచ్చే ధ్రువపత్రం అక్కర్లేదు. డబ్బు ప్రతి నెలా వస్తుంది. ఇది ఎవరి దయా కాదు, మేయర్‌కు హక్కుగా రావాల్సిన వాటా. రక్షిత అడవి తగ్గితే ఆ తర్వాత వచ్చే వాటా తగ్గుతుంది. ఎన్నికల్లో జవాబు చెప్పుకోవాల్సింది అతనే.

మనకిది పరాయి విషయం కాదు. రాష్ట్రాలకు పన్నుల వాటా పంచేటప్పుడు అడవిని లెక్కలోకి తీసుకోవడంలో భారత్ ముందుంది. 14వ ఆర్థిక సంఘం 7.5 శాతం బరువు ఇచ్చింది, 15వ సంఘం దాన్ని 10 శాతం చేసింది. సూత్రం మంచిదే, కాని రెండు చోట్ల తెగిపోయింది. ఒకటి, 15వ సంఘం సూత్రం ఉన్న అడవిని లెక్కించింది తప్ప పోయిన అడవిని విడిగా పట్టించుకోలేదు. దట్టమైన, మధ్యస్థంగా దట్టమైన అడవిలో రాష్ట్రం వాటా ఎంతన్నదే చూసింది, కాబట్టి అన్ని రాష్ట్రాలూ ఒకే నిష్పత్తిలో నరికితే ఎవరి వాటా మారేది కాదు. రెండు, ఆ డబ్బు షరతుల్లేకుండా హైదరాబాద్, అమరావతి ఖజానాల్లో పడుతుంది. భద్రాద్రి కొత్తగూడెం, అల్లూరి సీతారామరాజు జిల్లాల్లో అడవి పక్కనున్న పంచాయతీకి అందులోంచి ఇంత ఇవ్వాలన్న నియమం ఆ సూత్రంలో లేదు. గోదావరికి ఇరువైపులా నాలుగు రాష్ట్రాల అడవి ఒకదానికొకటి ఆనుకుని ఉన్నా, ఉమ్మడిగా కాపాడితే ఉమ్మడిగా వచ్చే వాటా ఏదీ లేదు. బ్రెజిల్ డబ్బును మేయర్ దాకా తీసుకెళ్లింది. మనం సచివాలయంతో ఆపేశాం.

బ్రెజిల్ కూడా ఇప్పుడొక మలుపు దగ్గరుంది. 2023 పన్ను సంస్కరణ పాత అమ్మకపు పన్నును 2033 నాటికి పూర్తిగా ఎత్తేసి కొత్త పన్ను తెస్తోంది. కొత్త దానిలో మున్సిపాలిటీల వాటాను పంచే తీరు రాజ్యాంగంలోనే రాశారు: జనాభాను బట్టి 80 శాతం, విద్యకు 10, అందరికీ సమానంగా 5, పర్యావరణ పరిరక్షణకు 5. ఆ చివరి 5 శాతాన్ని ఏ కొలమానంతో పంచాలో ప్రతి రాష్ట్రం తన చట్టంలో రాసుకోవాలి. ఒక రాష్ట్రం పార్కుల విస్తీర్ణం కొలవొచ్చు, ఇంకోటి మురుగునీటి శుద్ధిని, మరోటి చెత్త సేకరణను. అడవి నరికివేత రేటును కొలిచే రాష్ట్రం ఒక్కటే అయితే దాని మేయర్లు రెండేళ్లలో ఆ చట్టాన్ని మార్పిస్తారు, పొరుగువాడికి లేని శిక్ష మాకెందుకని. తొమ్మిది రాష్ట్రాలూ ఒకే కొలమానం రాసుకుంటే ఆ వాదనకు చోటుండదు. కన్సార్షియం తదుపరి సమావేశం ఎజెండాలో కార్బన్ కొనుగోలుదారుల ప్రదర్శన బదులు రెండే కాగితాలు ఉండాలి: ఆ 5 శాతానికి ఉమ్మడి కొలమానపు ముసాయిదా ఒకటి, పశువుల చిట్టీ మీద అవును-కాదు ప్రశ్నకు తొమ్మిది సంస్థల సంతకాలు ఒకటి. రెండోది ముందు జరగాలి, ఎందుకంటే మొదటిదానికి ఇంకా కొంత సమయముంది, దూడలకు లేదు.