లీపు వైద్యం

కౌమార మనస్తత్వం గురించి తెలుసుకోవడానికి కొందరు లావు పుస్తకాలు తిరగేస్తారు, ఇంకొందరు ఎర్రగడ్డ ఆసుపత్రి దాకా వెళ్లి డాక్టర్లను విసిగిస్తారు. ఎందుకీ శ్రమ? సాయంత్రం ఆరున్నర నుంచి రాత్రి పది దాకా టీవీ సీరియళ్ల ముందు కూచుంటే శాస్త్రమంతా పూస గుచ్చినట్టు తెలుస్తుంది.

ముందు రోగ నిర్ధారణ. సీరియల్ కుర్రాడు దారి తప్పాడనడానికి మూడు గుర్తులు: జుట్టు నుదుటి మీదికి జారుతుంది, చొక్కా పోయి నల్ల టీషర్టు వస్తుంది, వెనకాల గిటారు మూలుగుతుంది. వయసు 16 అంటారు. గడ్డం మాత్రం 26 అంటుంది. వాడి బాధకు కారణం మేనత్త. నిగ్రహాన్ని, ముందుచూపును నడిపే మెదడు ముందుభాగం ఇరవయ్యో పడి మధ్య దాకా పూర్తిగా పక్వానికి రాదని శాస్త్రజ్ఞులు చెబుతారు గానీ, అంత పట్టుచీర కట్టుకుని గుమ్మంలో మేనత్త నిలబడి ఉండగా పాపం మెదడును ఆడిపోసుకోవడం దేనికి?

ఇక చికిత్స. చెంపదెబ్బ. ఇందులో లెక్క ఉంది. అరగంట స్లాటులో ప్రకటనలు పోను కథకు మిగిలేది సుమారు 22 నిమిషాలు. అందులో నిన్నటి కథ కొంత, రేపటి ప్రోమో కొంత. దెబ్బను మూడు కోణాల్లో మూడుసార్లు చూపించాలి. హాల్లో కారణం లేకుండా నిలబడి ఉన్న ఎనిమిది మంది ముఖాల మీదికి కెమెరా వెళ్లాలి. తలకు 5 సెకన్లు, వెరసి 40. రెండో చుట్టు తిరిగితే 80. తర్వాత తల్లి కన్నీరు. గ్లిజరిన్ చుక్క కాస్త ఎక్కువైందా, కన్ను మండి ఎర్రబడుతుంది. ఆ వెంటనే తీయాల్సింది వ్రతం సీనైతే కళకళలాడాల్సిన ముత్తయిదువకు కళ్లకలక వచ్చినట్టుంటుంది. ఇన్ని కష్టాలకోర్చి నడిపే ఎపిసోడ్‌లో కుర్రాడొచ్చి “అమ్మా, నాకు నిద్ర పట్టట్లే” అంటే రెండు సెకన్లలో అయిపోతుంది. కడుపు నిండుతుందా? అందుకే ఏ కుర్రాడూ ఆ మాట అనడు.

ఎన్నాళ్లకు కోలుకుంటాడు? అది గురువారం తేలుతుంది. ఆ రోజు రేటింగులొస్తాయి. అంకె బాగుంటే ఇంకో మూడు నెలలు చెడిపోయే ఉంటాడు. పడిపోతే సోమవారానికల్లా గుళ్లో గంట మోగుతుంది, వాడు బాగుపడతాడు.

కానీ సీరియల్ వైద్యంలో అసలైన దివ్యౌషధం ‘లీపు’. పదేళ్ల పిల్లాడు వీధి మలుపు దాకా పరుగెత్తుతాడు. మలుపు తిరిగేసరికి 22 ఏళ్లవాడై, కండలతో, నల్లకళ్లద్దాలతో వస్తాడు. కౌమారమంటే 10 నుంచి 19 ఏళ్ల దాకా అని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. ఆ మొత్తాన్ని మనవాళ్లు ఒక్క మలుపులో దాటించేశారు. లేని వయసుకు రోగమెక్కడిది?

ఈ పద్ధతికి అడ్డు తగులుతున్నది హైదరాబాదులో నిజంగా పెరుగుతున్న పిల్లలే. వాళ్లకు సీను చేయడం రాదు. తలుపు వేసుకుంటారు, అంతే. సీరియల్ ఇంట్లో ఆ సౌకర్యం లేదు. గట్టిగా వేస్తే తలుపుతోపాటు ప్లైవుడ్ గోడ కూడా ఊగుతుంది. ఫ్లాట్‌లో గోడ ఊగదు. లోపల ఉన్నవాడు ఏడవడు కూడా, చిటపటలాడతాడు. ఈ వయసులో దిగులు చాలాసార్లు చిరాకు వేషం వేసుకుని వస్తుంది. రెండు వారాలకు పైగా అదే వరస, తిండి తప్పడం, స్నేహితుల ఫోన్లు ఎత్తకపోవడం, ఇష్టమైన క్రికెట్ బ్యాటు మంచం కిందికి చేరడం... డాక్టర్లు చూసేవి ఇవీ. వీటిలో ఒక్కదానికైనా నేపథ్య సంగీతం ఉందా? ఇంట్లోవాళ్లకు ఎలా తెలియాలి?

టెలి మానస్ అని ఒకటుంది, మనసు బాగోలేనివాళ్ల కోసం ప్రభుత్వం పెట్టిన ఫోన్ సాయం. 14416 కొడితే పగలనక రాత్రనక, పైసా ఖర్చు లేకుండా, తెలుగులోనే మాట్లాడతారు. 2022 అక్టోబరు నుంచీ నడుస్తోంది. సీరియల్ నీతి ప్రకారం మాత్రం ఫోన్ ఎత్తితే అవతల విలనే ఉండాలి.

అయినా మనం చేతులు కట్టుకుని కూచోలేదు. మన దగ్గరా లీపుంది, దాని పేరు ఇంటర్ హాస్టలు. పదో తరగతి అవగానే పెట్టె సర్ది గేటు లోపలికి పంపితే రెండేళ్లకు ర్యాంకై బయటికొస్తాడు. 13 నుంచి 18 ఏళ్ల వాళ్లకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలట, పైగా ఆ వయసులో ఒంట్లోని గడియారం కాస్త వెనక్కి జరిగి నిద్ర ఆలస్యంగా వస్తుందట. తెల్లవారుజామున ఐదింటికి స్టడీ అవర్ గంట కొట్టే వార్డెనుకు ఇంకా కబురు అందినట్టు లేదు.

ఆదివారం. గేటు పక్కన చెట్టు కింద దుప్పటి పరిచి తల్లి డబ్బా విప్పుతుంది. పులిహోర, చికెన్ వేపుడు, విడిగా పెరుగు. వాడు రెండు ముద్దలు తిని డబ్బా పక్కకు జరుపుతాడు.

“ఏమైంది బిడ్డా?”

“ఏం లేదు మమ్మీ.”

తండ్రి వాచీ చూసుకుంటాడు. “వీక్లీ టెస్టుల ఎంతొచ్చింది రా?”

ఉరుము ఉరమదు. కెమెరా మూడుసార్లు ముఖం మీదికి రాదు. అంటే అంతా బాగానే ఉన్నట్టు. తల్లి డబ్బాకు మూత పెడుతుంది.